ఒక్క చుక్క పడకుండా

"పోతే అందరం ఒక్కసారే క్లాసులకు పోదాం. లేకుంటే అందరం గీడనే కూసుందాం," అన్నాడు నరహరి మైకులో. టెంటంతా చప్పట్లు కొట్టింది. భర్త మాట్లాడుతుంటే భార్య చప్పట్లు కొట్టడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అయినా నేనూ కొట్టాను.

ఆ ఏప్రిల్‌లో యూనివర్సిటీ కాంట్రాక్టు అధ్యాపకులమంతా సమ్మెకు దిగాం. ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నా ప్రతి ఎండాకాలం మా కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని బతుకు. పర్మినెంట్ చెయ్యాలని క్యాంపస్‌లో వేపచెట్ల కింద టెంటు వేసి కూర్చున్నాం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చెప్తాను, నరహరి పొలిటికల్ సైన్స్. సమ్మెకు అతనే కన్వీనర్. మాటకారి. గొంతు పెంచకుండానే వెనక వరుస దాకా వినిపించేలా మాట్లాడతాడు.

ఆ రోజు అతను అలా మాట్లాడటానికి కారణం కామాక్షక్క. కెమిస్ట్రీ చెప్తుంది, అనంతపురం మనిషి, భర్త సర్కారు కొలువు మీద వచ్చి నల్లకుంటలో స్థిరపడ్డారు. మా అందరికంటే పెద్దది. టెంటులో రోజూ నా పక్కనే కూర్చునేది. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఆమెను పిలిచారు.

"ఏం మే భాగ్యా, పొమ్మంటావా?" అని నన్ను మెల్లగా అడిగింది. "ఇంకో రెండేండ్లు పోతే నన్ను ఎవురు పిలుస్తారు?"

నేను జవాబు చెప్పేలోపే నరహరి విన్నాడు. మైకు దగ్గరికి వెళ్ళి ఆమె పేరు ఎత్తకుండానే చెప్పాడు. మనల్ని ఒక్కొక్కరిగా ఏరుకుంటారు, ఇవాళ ఒకరు లేస్తే రేపటికి టెంటు ఖాళీ అన్నాడు. అతను దిగి వచ్చాక కామాక్షక్క కళ్ళు తుడుచుకుని, "నువ్వింత చెప్పినాక యాడికి పోతా నరహరీ. పోనులే," అంది.

"నువ్వు ఫోన్ల వద్దని చెప్పలేవక్కా, మొహమాటపడ్తవ్," అన్నాడు నరహరి. "నీ తరఫున నేనే పోయి వాళ్ళకు మర్యాదగ చెప్పొస్త."

చెప్పినట్టే వెళ్ళాడు. వచ్చి, "చెప్పిన. చైర్మన్ మంచోడే, ఏం అనుకోలే," అన్నాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాం.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అతను ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వరండాలో మా బాపు బండి పక్కన గొంతుకూర్చున్నాడు. నేనూ అత్తమ్మా పచ్చడికి మామిడికాయలు తుడుస్తున్నాం.

"భాగ్యా, దీన్ని బాగుచేద్దామా?" అన్నాడు.

నేను తల ఎత్తి చూశాను. అది అరవైల నాటి ఇంగ్లండు మోటార్ సైకిల్. మా బాపు వెంకటనర్సయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్నప్పుడు, మెట్టుగూడలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర తుక్కు కింద తీసుకుని తన చేతులతో నిలబెట్టాడు. నేను పానా పట్టడం దాని మీదే నేర్చుకున్నాను. బాపు పోయాక నా పేరు మీదికి మారి, తార్నాకలో మేముండే కింది పోర్షన్‌కు వచ్చింది. వచ్చిన నాటి నుంచి వరండాలో సగం జాగా అదే. గేర్ బాక్సు నుంచి ఆయిల్ కారుతూ ఉంటుంది కాబట్టి కింద ఎప్పుడూ ఒక అట్టముక్క. ఇంటి ఓనరు ఆ నల్లటి మరకను చూసి మొహం చిట్లిస్తే, నరహరి నన్ను చూసి మొహం చిట్లించేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ బండి గురించి మంచిగా ఒక్క మాట అన్న మనిషి కాదు.

"ఏమైంది నీకు?" అన్నాను.

"ఏం గాలే. మీ బాపు యాదికొచ్చిండు. గింత మంచి బండి గిట్ల కారుకుంట పడున్నది. క్లాసుల్లేవు, సాయంత్రాలు ఖాళీయే గదా. నువ్వు చెయ్యి, నేను పక్కన ఉంట."

"ఎండ దెబ్బ తాకింది వీనికి," అంది అత్తమ్మ. నేను చేతిలో కాయ వదిలేసి లేచాను.

గేర్ బాక్సు కారుతోందంటే చుక్క పడే చోటే రోగం ఉందనుకుంటారు చాలామంది. ఆ బళ్ళలో అలా ఉండదు. ఆయిల్ ఒకచోట పుడుతుంది, ఇంకోచోటికి పాకుతుంది, మరెక్కడో రాలుతుంది. కారే చోటు కనిపెట్టకుండా పానా ముట్టుకోవద్దనేవాడు బాపు. అందుకని ముందు గేర్ బాక్సు చుట్టూ ఏళ్ళ నాటి జిడ్డునంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచాం. నరహరి లోపలికి వెళ్ళి అత్తమ్మ పౌడరు డబ్బా తెచ్చాడు.

"నా పౌడరు ఎటు తీస్కపోతున్నవ్‌రా?"

"బండికి సింగారం చేస్తున్నమే."

పౌడరు చల్లి, ఇంజన్ స్టార్ట్ చేసి, మా స్ట్రీట్ చివరి దాకా వెళ్ళి వచ్చాను. తెల్లటి పౌడరు మీద ఆయిల్ నడిచిన దారి గీత గీసినట్టు కనబడింది. చైన్ తిప్పే స్ప్రాకెట్ వెనక నుంచి ఒక పెద్ద దారి, కిక్ రాడ్ మొదలు దగ్గర ఒక సన్న దారి. నరహరి మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతలను వేలితో చూపించాడు. అతని మొహంలో నిజమైన ఆసక్తి కనబడింది. కనబడిందనే ఇప్పటికీ అంటాను.

"స్ప్రాకెట్ వెనక ఆయిల్ సీల్ పోయింది," అన్నాను. "దాని దాక పోవాలంటే క్లచ్ మొత్తం విప్పాలె."

"విప్పుదాం."

ఆ తర్వాత రోజూ అదే పని. పగలు టెంటులో నినాదాలు, సాయంత్రం వరండాలో పానాలు. ఫుట్‌రెస్టు, ఎడమ పక్క చైన్ కేసు, క్లచ్ ప్లేట్లు విప్పి పాత బెడ్‌షీటు మీద వరసగా పేర్చాం. విప్పిన ప్రతి ముక్కనూ నరహరి తుడిచి పెట్టేవాడు. సమ్మె మాటలు, చిన్నప్పటి మాటలు చెప్పుకునేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో ఉండేవి అలాంటి మాటలు. తర్వాత ఇద్దరికీ క్లాసులు, పేపర్లు దిద్దడాలు, ఎవరి ఫోను వాళ్ళది. ఆ వరండాలో మళ్ళీ మొదలయ్యాయి. అత్తమ్మ ఖర్బూజ ముక్కలు కోసి తెచ్చి, మా ఇద్దరి చేతులూ నల్లగా ఉన్నాయని తనే నోట్లో పెట్టేది.

స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టు దగ్గర పని ఆగింది. అది మామూలు నట్లకు ఎదురుగా తిరుగుతుంది. ఎన్నేళ్ళ నుంచి బిగుసుకుని ఉందో, కదల్లేదు. పానాకు ఇనుప పైపు తొడిగాను. స్ప్రాకెట్ తిరిగిపోకుండా వెనక బ్రేకు తొక్కి పట్టుకోమని నరహరికి చెప్పాను. అతను బండి మీద కూర్చుని బరువంతా బ్రేకు మీద వేశాడు. నేను పైపు మీద వేలాడాను. ఒకసారి, రెండోసారి. మూడోసారి పెద్ద చప్పుడుతో నట్టు వదిలింది, నేను వెనక్కి వెల్లకిలా పడ్డాను. నరహరి బండి దిగి వచ్చి, నన్ను లేపబోయి, తనూ నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నా మొహం మీద అంటిన జిడ్డు తన అంగీ చేతితో తుడిచి, "నీలాంటిది ఇంకొకతి లేదు భాగ్యా," అన్నాడు.

ఆ మాటను నేను చాలా రోజులు మోసుకు తిరిగాను.

లోపలి సీల్ చెక్కలా గట్టిపడి, అంచులు పగిలిపోయి ఉంది. కొలత తీసుకుని ముషీరాబాద్‌లో బేరింగుల దుకాణంలో కొత్తది తెచ్చాను. దాన్ని వంకర పోకుండా నొక్కి కూర్చోబెట్టాలి. "మీ డిపార్ట్‌మెంట్ల నొక్కే ప్రెస్సు ఉన్నది గదా, తాళంచెవి నీ దగ్గరనే ఉన్నది. పొద్దుగాల్నే పోయి నొక్కుకొని రారాదు? ఎవ్వరు చూస్తరు?" అన్నాడు నరహరి.

"సమ్మెల ఉండి లోపలికి ఎట్ల పోత?" అన్నాను.

"నీ పనికే గదా, పాఠం చెప్పనీకి కాదు గదా."

"ఎందుకైనా గడప దాటినట్టే."

నేను ఒక కర్రదిమ్మె గుండ్రంగా చెక్కించి తెచ్చి, దాన్ని సీల్ మీద పెట్టి, చిన్న సుత్తితో చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టి దించాను. పాత సీల్ రాసుకుని రాసుకుని లోపలి గొట్టం మీద సన్నటి గాడి పడింది. కొత్తదాన్ని ఆ గాడి మీద కాకుండా ఒక వెంట్రుకంత ఇవతల, నున్నగా ఉన్న చోట కూర్చోబెట్టాను. కిక్ రాడ్ దగ్గర రబ్బరు రింగు మార్చాను. అన్నీ మళ్ళీ బిగించి, ఆయిల్ పోసి, బండి కిందికి కొత్త అట్ట తోశాను.

మరునాడు మధ్యాహ్నం నరహరి ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మంచి బట్టలు, మర్యాదగల మాట. పేరు ముఖేష్. "పాత బండ్లంటే ఇష్టమున్నోళ్ళ క్లబ్బు ఒకటున్నది, వీళ్ళు ప్రదర్శన పెడ్తరట," అని చెప్పాడు నరహరి. ముఖేష్ బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసి గేర్ బాక్సు కింద పరిచి, అత్తమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. వెళ్ళే ముందు కాగితం తీసి వెలుతురులో పట్టి చూశాడు. తెల్లగా ఉంది.

"మస్తు చేసిన్రు మేడం," అన్నాడు. "సార్ ఇంట్ల అంత తెల్ల మార్బులే. ఒక్క చుక్క పడ్డా సార్ వాళ్ళ మేడం ఊకోదు."

"ఏ సార్?" అన్నాను.

"అదే, ప్రదర్శన పెట్టే సార్," అన్నాడు నరహరి. "వాళ్ళింట్ల పెడ్తరట."

ముఖేష్ నరహరి మొహంలోకి ఒకసారి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. నాకు ఆ చూపు కనబడింది. కనబడీ పట్టించుకోలేదు. మనింట్లో మనిషిని అనుమానించడానికి ముందు ఎంతో కొంత సాధన ఉండాలి, నాకు లేదు.

ఆ ఆదివారం నేను బండి నడుపుతుంటే నరహరి వెనక కూర్చున్నాడు. తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి తిరిగి, చెట్ల కింద రోడ్డు మీద టెంటు దాకా వెళ్ళాం. టెంటు టెంటంతా లేచి నిలబడింది. హిస్టరీ చెప్పే మొగిలి సార్, "కన్వీనర్ సార్‌కు డ్రైవర్ దొరికింది," అని నవ్వాడు. కామాక్షక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కి, నన్ను గట్టిగా పట్టుకుని ఒక చుట్టు తిరిగి వచ్చింది. "ఇదేం మే, ఈ సప్పుడుకే ప్రభుత్వం దిగొస్తాది," అంది.

మే నెల చివర్లో అధికారులు మమ్మల్ని చర్చలకు పిలిచారు. కన్వీనర్‌గా నరహరి, అతనితో మొగిలి సార్, ఇంకొందరు వెళ్ళాలి. ఆ రోజు రిలే దీక్షలో కూర్చున్నవాళ్ళలో నేనూ కామాక్షక్కా ఉన్నాం. నుదుటి మీద తడిగుడ్డలు వేసుకుని, ఏం కబురు వస్తుందా అని గేటు వైపే చూస్తున్నాం. ఎండ తగ్గే వేళకు మొగిలి సార్ ఒక్కడే వచ్చాడు.

"సార్ రాలే మేడం," అన్నాడు. "బయట నిలబడి నిలబడి చూసినం. ఫోన్ స్విచాఫ్. మీ కన్వీనరే లేకుంటే ఎవరితోని మాట్లాడాలె అన్నరు లోపల. మల్ల చూద్దాం పొమ్మన్నరు."

నరహరికి ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. కామాక్షక్క నా భుజం పట్టుకుని ఆటో దాకా తీసుకొచ్చి ఎక్కించింది. "ఏం కాదు మే. ఏడుపు మొగం పెట్టాకు. ఇల్లు చేరినాక ఫోన్ చెయ్," అంది.

ఇంటికి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. ఎవరో నీళ్ళు కొట్టి కడిగారు. అట్టముక్క కూడా లేదు.

అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. "ట్రాలీ ఆటోల ఎక్కించుకపోయిన్రు బిడ్డా," అంది నన్ను చూసి. "మొన్న వచ్చిన ఆ ముఖేషే వచ్చిండు. నరహరి దగ్గరుండి తాళ్ళు కట్టించిండు. నీకు తెలుసన్నడు." నా మొహం చూసి ఆగిపోయింది. "తెల్వదా?"

నరహరి కొంచెంసేపటికే వచ్చాడు. ఇస్త్రీ చేసిన కొత్త అంగీ, చేతిలో మిఠాయి డబ్బా. అతను బతికే ఉన్నందుకు ముందు సంతోషించాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే జాలేస్తుంది.

"లోపటికి రా, చెప్త," అన్నాడు. నేను కదల్లేదు. వరండాలోనే నిలబడి చెప్పాడు. ఔటర్ రింగ్ రోడ్డు అవతలి ఆ ప్రైవేటు యూనివర్సిటీలో అతను డీన్‌గా చేరాడు. ఆ రోజే.

"కామాక్షక్కను పిలిచిన జాగనా?"

"ఆమె తరఫున మాట్లాడనీకి పోయిన. మాటల మీద మాట వచ్చింది. నన్ను రమ్మన్నరు. సమ్మెతోని ఏమన్న అయితదా భాగ్యా? నాకు తెల్వదా లోపల సంగతి? ఏం ఇయ్యరు. నేను ఇల్లు చూసుకోవద్దా? వచ్చే ఏడు నిన్ను గూడ తీస్కుంటరు, అడిగిన."

"బాపు బండి?"

"చైర్మన్‌కు పాత బండ్లంటే ప్రాణం. ఇచ్చిన. నువ్వు వద్దంటవని చెప్పలే. మనకెందుకది, వరండాల సగం జాగ."

నా దగ్గర అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. కామాక్షక్కకు ఏం చెప్పాలి, చర్చల దగ్గర ఎండలో నిలబడ్డవాళ్ళకు ఏం చెప్పాలి.

"ఆ నట్టు విప్పిన రోజు," అన్నాను, "నేను కింద పడ్డ రోజు. అప్పటికి నీకు తెలుసా?"

అతను మిఠాయి డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అప్పటికే మాటైపోయింది," అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. చేతులకు ఏమీ అంటలేదు. అయినా చాలాసేపు కడుక్కున్నాను.

మర్నాడు టెంటుకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండొచ్చు. కానీ వెళ్ళకపోతే అతనితో నేనూ వెళ్ళినట్టే. అప్పటికే అందరి ఫోన్లలో అతని ఫోటో తిరుగుతోంది, మెడలో శాలువాతో, చైర్మన్ పక్కన. నేను రాగానే మాటలు ఆగిపోయాయి.

"మేడం," అన్నాడు మొగిలి సార్, గొంతులో కోపం లేకుండానే. "ఒక్క ఇంట్ల ఉండి మీకు తెల్వదంటే మేం ఎట్ల నమ్మాలె? ఆ బండి మీదనే గదా ఇద్దరు గీడికొచ్చిన్రు."

"నాకు తెల్వదు సార్," అన్నాను.

నేను రోజూ కూర్చునే చోటికి వెళ్ళాను. కామాక్షక్క నన్ను చూసి, పక్కన పెట్టుకున్న సంచీ తీసుకుని, లేచి, వెనక వరుసలోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజంతా నేను ముందు వరుసలో ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరైనా మంచినీళ్ళ సీసా అందిస్తే నన్ను దాటించి అందించారు.

నరహరి ఇంట్లోనే ఉండేవాడు. పొద్దున్నే వాళ్ళ యూనివర్సిటీ బస్సులో వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. నేను అతనితో మాట్లాడలేదు. అత్తమ్మ మా ఇద్దరికీ మధ్య గిన్నెలు మోసింది. రెండు మూడు రోజులు అలా గడిచాక, ఒక ఉదయం టెంటుకు వెళ్ళడం మాని, బంజారాహిల్స్‌లో చైర్మన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

నిజంగానే తెల్ల మార్బుల్. వరండాలో ఏడెనిమిది పాత బళ్ళు మెరుస్తూ నిలబడి ఉన్నాయి. ఆ చివర మా బాపుది. కింద చుక్క కూడా లేదు. చైర్మన్ పెద్దవయసు మనిషి, లుంగీ మీదే బయటికి వచ్చాడు. నేనెవరో చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"కూర్చోండమ్మా. ఎంత బాగా చేశారో మా మెకానిక్ రోజూ చెప్తున్నాడు. నాకు ఇవ్వాలని మీరే దగ్గరుండి రిపేరు చేశారని నరహరి గారు చెబితే నాకు మాట రాలేదు."

"నేను మీకోసం చెయ్యలేదండీ," అన్నాను. "మీకిస్తున్నట్టు నాకు తెలియదు. అది మా నాన్న బండి. నా పేరు మీద ఉంది."

ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. బండి వైపు చూశాడు.

"మీకు చెప్పలేదా?"

"లేదండీ. ఈ కొలువు కోసం ఇచ్చాడనుకున్నాను."

"అయ్యో, ఆయనకి కొలువు మొదటి రోజే ఇచ్చానమ్మా. మాట్లాడే మనిషి కావాలి మాకు, ఆయన బాగా మాట్లాడతారు." ఆయన గొంతులో నొచ్చుకున్న ధ్వని. "బండి నేను అడగలేదు. పాత బళ్ళంటే ఇష్టమని ఊరికే అన్నాను. మా ఇంట్లో ఒకటుంది, మా ఆవిడ మీకిస్తే సంతోషిస్తుంది అని ఆయనే అన్నారు. కారుతుందేమో అని మా ముఖేష్ అంటే, బాగుచేయించి పంపిస్తామన్నారు."

ఎవరూ అడగలేదు. వచ్చే దారిలో కోపం కూడగట్టుకుని తెచ్చుకున్నాను. ఆ మాటతో దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తీసుకెళ్ళండమ్మా," అన్నాడు ఆయన. "నాకు ఇలాంటిది వద్దు. ఆయన ఉద్యోగానికి ఏమీ కాదు, దీనికీ దానికీ సంబంధం లేదు. ముఖేష్, గేటు తియ్యి."

ఆ బండికి తాళంచెవి ఉండదు. స్టార్ట్ చెయ్యడం ఎవరికి తెలిస్తే వాళ్ళకు పలుకుతుంది. కార్బురేటర్ నొక్కి పెట్రోలు పైకి వచ్చేదాకా చూసి, కిక్ మీద నిలబడి బరువు వేశాను. రెండో కిక్కుకే అందుకుంది. ముఖేష్ గేటు పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. గెలిచినట్టు అనిపిస్తుందేమో అనుకున్నాను. సికింద్రాబాద్ దాటి మెట్టుగూడ వచ్చేదాకా ఎదురుచూశాను. అనిపించలేదు. బండి మాత్రం గేరు నుంచి గేరుకు వెన్నలా మారుతోంది.

నేరుగా క్యాంపస్‌కు వెళ్ళాను. వేపచెట్ల కింద కూలీలు టెంటు విప్పుతున్నారు. కమిటీ వేస్తామన్న మాట ఒకటి తీసుకుని ఆ ఉదయమే సమ్మె విరమించారట. అందరూ వెళ్ళిపోయారు. పేర్చిన కుర్చీల మీద కామాక్షక్క ఒక్కతే కూర్చుని, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంటోంది.

నేను బండి ఆపి దగ్గరికి వెళ్ళాను. ఆమె బండిని చూసింది, నన్ను చూసింది.

"తెచ్చుకుంటివా?" అంది.

"తెచ్చుకున్నక్కా."

"నీకు తెలీదని నాకు తెలుసు మే," అంది చెప్పు వైపే చూస్తూ. "ఆ పొద్దే తెలుసు. ఐనా నీ పక్కన కూసోలేకపోతిని. నిన్ను చూస్తే ఆయప్పే కనపడినాడు."

"ఇంటికాడ దించుత, రా అక్కా. చెప్పు తెగింది గదా."

ఆమె చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నాకు కనబడుతూనే ఉంది. తర్వాత లేచి, పిన్నీసు గుచ్చిన చెప్పు ఈడ్చుకుంటూ, "బస్సుకు పోతాలే," అని బస్టాపు వైపు నడిచింది. జూన్‌లో క్లాసులు మొదలయ్యాక కారిడార్లో ఎదురైతే పలకరించుకున్నాం. ఒకే బెంచీ మీద మాత్రం మళ్ళీ కూర్చోలేదు.

మృగశిర కార్తె నాడు తార్నాకలో మొదటి వాన పడింది. ఆ వారంలోనే నరహరి తన సామాను సర్దుకున్నాడు. వాళ్ళ యూనివర్సిటీలో అతనికి క్వార్టర్ ఇచ్చారు. నన్ను రమ్మని అడిగాడు. నేను రానన్నాను. రెండోసారి అడగలేదు.

అత్తమ్మ బట్టల మూట కట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ వేసవి పెట్టిన పచ్చడి జాడీలన్నీ నాకే వదిలేసింది. "వాడు తప్పు చేసిండు బిడ్డా, నేను కాదంటలేను," అంది నా రెండు చేతులూ పట్టుకుని. "కని పెంచిన గదా. వాని ఎంట పోకుంటే నాకు నిద్ర పట్టదు." నేను ఆమెను ఆటోలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద వాన పడకుండా పరదా దించాను.

నరహరి చివరి సూట్‌కేసు తీసుకుని వరండాలోకి వచ్చాడు. చైర్మన్ ఇంటికి నేను వెళ్ళిన సంగతి అతనికి తెలుసు. ఆ తర్వాత దాని గురించి ఒక్క మాటా ఎత్తలేదు. ఆటోవాడు హారన్ కొట్టాడు. నరహరి వరండా మెట్టు దిగి, వానలోనే ఆగి వెనక్కి తిరిగాడు.

"ఒక్కటి చెప్పు భాగ్యా," అన్నాడు. "చైర్మన్‌కు ఇస్త, నాకు పనికొస్తదని నేను ముందే అడిగితే, నువ్వు ఇస్తుంటివా ఆ బండి?"

ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో అతనికి తెలియదు. జవాబు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది.

"ఇస్తుంటి," అన్నాను.

అతను సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. ఆటో వీధి మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.